మందు మీద మందు

ఒకటి డాక్టరుకు చెప్పకుండా తాగేది. ఇంకోటి ఇంట్లో చెప్పకుండా మింగేది. రెండూ ఒకే రాత్రి ఒకే కడుపులో చేరితే? ఆలూమగలిద్దరూ చదవాల్సిన సంగతులివి.

తెలుగులో మందు అంటే రెండర్థాలు. జబ్బు తగ్గించేదీ మందే, సాయంత్రమయ్యేసరికి కొందరి కాళ్లను బారు వైపు లాగేదీ మందే. పగలంతా ఈ రెండూ వేర్వేరు దుకాణాల్లో ఉంటాయి. కొన్ని రాత్రులు మాత్రం ఒకే జేబులో కలుస్తాయి.

ఇలాంటి ఇల్లు ఒకటి ఊహించుకోండి.

ఆయనకు యాభై రెండేళ్లు. పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటాడు. షుగరు కూడా ఉంది. ఈమధ్య పడకగదిలో ఓ ఇబ్బంది మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు స్నేహితుడి కూతురి రిసెప్షన్. మేడ మీద నలుగురూ కూర్చున్నారు. రెండు పెగ్గులు మూడయ్యాయి. మాటల్లో మాటగా ఓ స్నేహితుడు రెండు మాత్రలున్న స్ట్రిప్పు ముక్క చేతిలో పెట్టాడు. 'వేసుకో బావా, ఏం కాదు. నేను వాడట్లేదూ!' అన్నాడు. బిర్యానీ తిని ఇంటికొచ్చి ఒకటి వేసుకున్నాడు. అరగంటైనా ఏమీ తేడా లేదు. రెండోదీ వేసుకున్నాడు.

అర్ధరాత్రి దాటాక ఛాతీలో బరువు. ఒళ్లంతా చెమటలు. భార్య కంగారుగా లేచింది. ఆమెకు ఒకటి గుర్తొచ్చింది. మామగారికి గుండె నొప్పి వచ్చినప్పుడల్లా నాలుక కింద పెట్టే మాత్ర ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంది. పరుగున వెళ్లి తెచ్చింది. 'ఏమండీ, నోరు తెరవండి' అంటూ చెయ్యి చాపింది.

ఆ రాత్రి మొత్తమ్మీద అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణం అదే. ఆమె తప్పేమీ లేదు. మంచే చేయబోయింది. ఆయన ఏం మింగాడో ఆమెకు తెలియదు, అంతే!

అసలు పుట్టింది గుండె కోసమే

అంగస్తంభన సమస్యకు వాడే మాత్రల్లో మొదటిది సిల్డెనఫిల్. వయాగ్రా అంటే అందరికీ తెలుస్తుంది. 1989లో ఇంగ్లండులోని శాండ్‌విచ్ అనే ఊళ్లో, ఫైజర్ కంపెనీ పరిశోధనశాలలో పుట్టింది. అప్పుడు శాస్త్రవేత్తల మనసులో పడకగది ఆలోచనే లేదు. అధిక రక్తపోటు, గుండె నొప్పి తగ్గించే మందు కోసం వెతుకుతున్నారు. 1990ల మొదట్లో మనుషుల మీద ప్రయోగించి చూస్తే గుండె నొప్పికి అనుకున్నంతగా పనిచేయలేదు. కానీ ప్రయోగంలో పాల్గొన్న మగవాళ్లు మరో 'ఫలితం' గురించి చెప్పడం మొదలెట్టారు. కంపెనీ దారి మార్చింది. 1998 మార్చి 27న అమెరికా ప్రభుత్వం ఆ మాత్రకు అనుమతినిచ్చింది.

మన దేశంలో 2000వ దశకం మొదట్లోనే దేశీయ కంపెనీలు ఇదే మందును తమ పేర్లతో అమ్మకానికి పెట్టాయి. అసలు వయాగ్రా 2005 డిసెంబరులో వచ్చింది. ఈలోగా విదేశాల్లో టడలాఫిల్, వార్డెనఫిల్ అనే తమ్ముళ్లు కూడా పుట్టారు.

ఈ చరిత్రంతా ఎందుకంటే.. చాలామంది దీన్నో 'కోరికల మాత్ర' అనుకుంటారు. కాదు. ఇది రక్తనాళాల మాత్ర. కోరిక కలిగినప్పుడు శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దాని ప్రభావంతో రక్తనాళాల గోడలు వదులై అంగంలోకి రక్తం వేగంగా చేరుతుంది. పని పూర్తికాగానే ఓ ఎంజైము వచ్చి ఆ వదులుదనాన్ని తగ్గించేస్తుంది. ఆ ఎంజైమును కాసేపు ఆపడమే మాత్ర పని. కోరికే లేకపోతే మాత్ర ఏమీ చేయలేదు.

చిక్కేమిటంటే మాత్ర ప్రభావం ఒక్కచోటే ఆగదు. ఒంట్లోని మిగతా రక్తనాళాలూ కాస్త వదులవుతాయి. అందుకే తలనొప్పి, మొహం ఎర్రబడటం, ముక్కు దిబ్బడ వంటివి వస్తుంటాయి. కొందరికి చూపులో నీలిరంగు ఛాయ కూడా కనిపిస్తుంది. రక్తపోటు కొంచెం పడిపోతుంది. ఆరోగ్యవంతుల్లో 100 మిల్లీగ్రాముల సిల్డెనఫిల్ పై అంకెను సగటున 8 పాయింట్ల వరకూ తగ్గిస్తుందని తేలింది. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వాడేవారిలో ఆ మాత్ర తగ్గించేదానికి ఇది మరో 8 పాయింట్లు తోడవుతుంది. మామూలుగా ఈ కాస్త తగ్గుదలతో వచ్చే ముప్పేమీ ఉండదు. కానీ ఆ రాత్రి ఒంట్లో ఉన్నది ఇదొక్కటేనా?

క్వార్టర్ లెక్క

మద్యం కూడా రక్తనాళాలను వదులు చేస్తుంది. మూత్రం ఎక్కువగా పోయేలా చేసి ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. పడుకున్నవాడు లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది. అప్పుడు రక్తనాళాలు బిగుసుకుని రక్తాన్ని తలకు పంపాలి. మాత్ర వాటిని వదులు చేసింది. మద్యమూ అదే పని చేసింది. ఇక బిగించేదెవరు? కళ్లు తిరుగుతాయి. అర్ధరాత్రి బాత్రూమ్ గచ్చు మీద పడిపోయేది అందుకే.

మరి ఎంత తాగితే ప్రమాదం? దీనిమీద పరిశోధనలు జరిగాయి. ఆరోగ్యవంతులకు 50 మిల్లీగ్రాముల సిల్డెనఫిల్ ఇచ్చి, రక్తంలో మద్యం 0.08 శాతానికి చేరేలా తాగించి చూశారు. మద్యం ఒక్కటే తగ్గించిన దానికన్నా రక్తపోటు ఎక్కువేమీ పడలేదు. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. అంటే ఆ ప్రయోగంలో తాగించింది తక్కువేమీ కాదు.

'చూశారా, ఏం కాదన్నమాట' అనుకోవద్దు. అక్కడ పరీక్షించింది ఏ జబ్బూ లేనివారిని. పైగా మాత్ర 50 మిల్లీగ్రాములదే. బీపీ మాత్ర, షుగరు మాత్ర వేసుకుని, బిర్యానీ తిని, 100 మిల్లీగ్రాములు మింగిన మన రిసెప్షన్ బావగారి మీద ఆ ప్రయోగం జరగలేదు.

టడలాఫిల్ సంగతి వేరు. 80 కిలోల మనిషికి సుమారు 180 మిల్లీలీటర్ల వోడ్కాను పది నిమిషాల్లో తాగించి, ఈ మాత్ర ఇచ్చి చూశారు. మద్యం మాత్రమే తాగినప్పటికన్నా మాత్ర తోడైనప్పుడు ఎక్కువమందికి రక్తపోటు చెప్పుకోదగ్గంతగా పడిపోయింది. కొందరికి నిలబడితే తల తిరిగింది. 180 మిల్లీలీటర్లంటే మన భాషలో సరిగ్గా ఓ క్వార్టర్!

అదీ 80 కిలోల మనిషికి. మన దగ్గర 60 కిలోలున్న మగవాళ్లు ఎందరో. వాళ్లకు ఇదే లెక్క వేసి, మన విస్కీ, బ్రాందీల్లో ఉండే 42.8 శాతం ఆల్కహాలును బట్టి చూస్తే సుమారు 125 మిల్లీలీటర్లే. రెండు లార్జ్ పెగ్గులు, అంతే. 'నేను బీరే తాగుతా' అనేవారికీ ఓ లెక్కుంది. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 41 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. అది నాలుగు స్మాల్ పెగ్గులతో సమానం. కల్లయితే లెక్కే దొరకదు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు బయటపడిన సందర్భాలు మనకు కొత్త కాదు. ఒంట్లోకి ఏం వెళ్లిందో తెలియనప్పుడు దానిమీద మాత్ర మింగడం గుడ్డిగా గోతిలో దూకడమే.

శనివారం మాత్ర.. ఆదివారం సీసా

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. సిల్డెనఫిల్ రక్తంలో సగం తగ్గడానికి సుమారు 4 గంటలు పడుతుంది. టడలాఫిల్‌కు పదిహేడున్నర గంటలు. దాని ప్రభావం 36 గంటల వరకూ ఉంటుంది. శనివారం రాత్రి వేసుకున్న మాత్ర సంగతి ఆదివారం మధ్యాహ్నానికి మనిషి మర్చిపోతాడు. ఒళ్లు మర్చిపోదు. స్నేహితులతో సీసా తెరిచేనాటికి మాత్ర ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. 'మాత్ర నిన్న కదా వేసుకుంది' అన్న ధీమా ఇక్కడ చెల్లదు.

రెండో పొరపాటు బిర్యానీ దగ్గర జరుగుతుంది. కొవ్వు ఎక్కువున్న భోజనం చేశాక సిల్డెనఫిల్ వేసుకుంటే అది పనిచేయడానికి మరో గంట ఆలస్యం కావచ్చు. ఆ సంగతి తెలియక 'ఇది నకిలీదేమో' అనుకుని రెండోది మింగుతారు. కాసేపటికి రెండూ కలిసి పనిచేస్తాయి. డాక్టరు ఎంత మోతాదు రాసినా రోజుకు ఒక్కసారే అన్నది నియమం.

మన దేశ ఫోరెన్సిక్ వైద్యులు 2022లో ఓ వైద్య పత్రికలో ప్రచురించిన కేసు గుర్తుంచుకోదగ్గది. 41 ఏళ్ల వ్యక్తి 50 మిల్లీగ్రాముల మాత్రలు రెండు వేసుకుని మద్యం తాగాడు. మర్నాడు ఉదయం ఆరోగ్యం బాగోలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం పోయింది. మెదడులో రక్తస్రావమైంది. సుమారు 300 గ్రాముల రక్తం గడ్డకట్టి ఉంది. అతనికి ఏ జబ్బూ లేదనే ఇంట్లోవాళ్లకు తెలుసు. కానీ గుండె గోడలు మందంగా మారి ఉన్నాయి. చాన్నాళ్లుగా బీపీ ఉన్నవారిలో కనిపించే మార్పది. ఇలాంటి మరణాలు అరుదే. ఒక్క కేసుతో తప్పంతా మాత్రదేననీ అనలేం. కానీ ఒంట్లో ఏముందో చూపించుకోకుండా మాత్ర వేసుకోవడం ఎంత ప్రమాదమో ఆ కేసు చెబుతోంది.

నాలుక కింద మాత్ర

ఇక ఆ ఇల్లాలు చేతిలోని మాత్ర దగ్గరికొద్దాం.

గుండె నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ నైట్రేట్ల జాతి మందు. ఈ కుటుంబానికి పెద్ద దిక్కు నైట్రోగ్లిజరిన్. డైనమైట్ తయారుచేసిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు చివరి రోజుల్లో డాక్టర్లు గుండె నొప్పికి రాసింది కూడా అదే. తాను పేలుడు పదార్థంగా మార్చినదాన్నే మందుగా మింగమంటున్నారని ఆయన ఆశ్చర్యపోయాడు. అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి పనిచేస్తుందని తర్వాతెప్పుడో తెలిసింది. రక్తనాళాలకు నైట్రిక్ ఆక్సైడే సందేశాలు మోస్తుందని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చిందీ, వయాగ్రాకు అనుమతి వచ్చిందీ ఒకే ఏడాది.. 1998లో.

సార్బిట్రేట్ నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచి రక్తనాళాలను తెరుస్తుంది. స్తంభన మాత్ర తెరిచినవి మూసుకోకుండా ఆపుతుంది. ఒకటి కుళాయి తిప్పుతుంది, ఇంకోటి దాన్ని కట్టనివ్వదు. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పాతాళానికి పడిపోతుంది. గుండెకే రక్తం అందదు. మద్యం కూడా ఉంటే మరీ కష్టం. ప్రాణం పోవచ్చు. అందుకే సిల్డెనఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లో నైట్రేట్లు ఇవ్వకూడదంటారు వైద్యులు. రోజూ నైట్రేట్లు వాడేవారు అసలు ఈ మాత్రల జోలికే పోకూడదు. చుక్క మద్యం తాగకపోయినా సరే.

కాబట్టి మాత్ర వేసుకున్న రాత్రి ఛాతీలో నొప్పి వస్తే ఇంట్లో ఉన్న సార్బిట్రేట్ పెట్టొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. వచ్చినవారికీ, ఆసుపత్రిలో డాక్టరుకీ చెప్పాల్సిన మొదటి మాట.. 'ఫలానా మాత్ర, ఫలానా సమయానికి వేసుకున్నాను. ఇంత తాగాను' అని. ఆ ఒక్క మాట తెలిస్తే వైద్యులు వేరే మందులతో చికిత్స చేస్తారు. తెలియకపోతే వాళ్లు కూడా నైట్రేటే ఇవ్వొచ్చు. సిగ్గుపడి దాచడానికి అది సమయం కాదు.

అడ్డదారి సరుకు

నిజానికి ఇవి డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులు. కొనేవాడికి డాక్టరు దగ్గర నోరు విప్పాలంటే సిగ్గు. అందుకే చీటీ అడగని దుకాణం వెతుక్కుంటాడు. స్నేహితుడి జేబులోంచి వచ్చేవీ ఎక్కువే. స్నేహితుడికి పడింది తనకూ పడుతుందన్న గ్యారంటీ ఏమిటి? అతనికి బీపీ లేకపోవచ్చు. తనకు ప్రోస్టేట్ సమస్య ఉండి టామ్సులోసిన్ వంటివి వాడుతుండవచ్చు. అవీ రక్తపోటు తగ్గించేవే. ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ మాత్రలు, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటిబయాటిక్‌లు స్తంభన మాత్రను ఒంట్లోంచి త్వరగా పోనివ్వవు. కాలేయం దెబ్బతింటే మరీ ఇబ్బంది. ఎందుకంటే ఈ మాత్రను కరిగించి బయటకు పంపేది కాలేయమే. మద్యం మొదట దెబ్బతీసేదీ కాలేయాన్నే. అలాంటివారికీ, 65 దాటినవారికీ వైద్యులు 25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు.

'నాది మూలికల పొడి, ఏ సైడ్ ఎఫెక్టూ ఉండదు' అనేవారూ జాగ్రత్తపడాలి. మూలికల పేరుతో అమ్మిన సరుకును పరీక్షిస్తే అందులో సిల్డెనఫిల్ కలిసి ఉందని బయటపడిన ఉదంతాలు చాలా దేశాల్లో ఉన్నాయి. పొట్లం మీద ఆ పేరు ఉండదు. ఎన్ని మిల్లీగ్రాములో తెలియదు.

దొంగే తాళం ఇస్తానంటే..

ఇంతకీ ఈ రెండు మందులూ ఎందుకు కలుస్తున్నాయి? తాగితే బెరుకు పోతుందని కొందరు. మాత్ర ఉంటే తాగినా ఫర్వాలేదని ఇంకొందరు. అసలు మద్యమే స్తంభనకు శత్రువు. ఎక్కువ తాగిన రాత్రి నరాలు మందగిస్తాయి. ఏళ్ల తరబడి తాగితే నరాలూ, కాలేయమూ దెబ్బతింటాయి, మగతనానికి మూలమైన టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. దొంగను పక్కన పెట్టుకుని తాళాలు కొన్నట్టుంటుంది, మద్యం తాగుతూ మాత్ర మింగడం. మానేస్తే, కనీసం బాగా తగ్గిస్తే, మాత్ర అవసరమే లేకుండా కోలుకునేవారూ ఉంటారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అంగానికి రక్తం తీసుకెళ్లే ధమనుల వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లే. గుండె ధమనులు 3, 4 మిల్లీమీటర్లు ఉంటాయి. రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటే ముందు మూసుకుపోయేవి సన్నవే కదా! అందుకే చాలామందిలో ఈ ఇబ్బంది గుండె జబ్బుకన్నా కొన్నేళ్ల ముందే కనిపిస్తుంది. షుగరు, బీపీ, పొగ తాగే అలవాటు ఉన్నవారిలో మరీను. అంటే అది గుండె ముందుగా రాసిన ఉత్తరం. విప్పి చదవకుండా, మేడ మీద దొరికిన మాత్రతో దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటున్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్తే ఏం చేస్తారు? బీపీ చూస్తారు. షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు రాస్తారు. వాడుతున్న మందులన్నీ అడుగుతారు. అవసరమైతే ఈసీజీ తీయిస్తారు. గుండె ఆ శ్రమకు తట్టుకుంటుందనుకుంటే తగిన మోతాదులో మాత్ర రాస్తారు. దీంట్లో సిగ్గుపడాల్సింది ఏముంది?

గుర్తుంచుకోండి

* అన్నిటికన్నా క్షేమం.. మాత్ర ఉన్న రోజు మద్యం లేకుండా చూసుకోవడం. టడలాఫిల్ అయితే మర్నాడు కూడా.

* మొదటిసారి మాత్ర వేసుకునే రోజు మద్యం అసలే వద్దు. మీ ఒంటికి అది ఎలా పడుతుందో ముందు తెలియాలి.

* ఏ గుండె జబ్బూ లేనివారు, డాక్టరు సరేనంటేనే.. ఒకటి, మహా అయితే రెండు స్మాల్ పెగ్గులు. నెమ్మదిగా, ఏమైనా తింటూ, నీళ్లు తాగుతూ. క్వార్టర్ దాకా వెళ్లొద్దు.

* గుండె నొప్పి, ఈమధ్యే గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవారు, అదుపులో లేని బీపీ ఉన్నవారు, కాలేయం దెబ్బతిన్నవారు సొంతంగా ఈ మాత్రలు వాడకూడదు.

* షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తాగి, తినకుండా పడుకుంటే చక్కెర పడిపోవచ్చు. చెమట, తల తిరుగుడు, తడబాటు కనిపిస్తే మత్తనుకుని వదిలేయకుండా షుగరు చూడాలి.

* మాత్ర పనిచేయలేదని అదే రోజు రెండోది వేసుకోవద్దు.

* కళ్లు తిరిగితే వెంటనే పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. తెలివి తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, తీవ్రమైన తలనొప్పి, వాంతులు వచ్చినా, ఉన్నట్టుండి చూపు, వినికిడి తగ్గినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

* స్తంభన 4 గంటలు దాటినా తగ్గకపోతే అది అత్యవసర పరిస్థితే. తెల్లారేదాకా ఆగొద్దు.

ఒక్క మాట చాలు

మళ్లీ ఆ ఇంటికి వెళ్దాం. ఆమె చెయ్యి చాపింది. మాత్ర నోటిదాకా వచ్చింది. అప్పుడాయన చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యం.. 'అది వద్దు, నేను వేరే మాత్ర వేసుకున్నాను'. పాతికేళ్ల కాపురంలో అంతకన్నా పెద్ద కబుర్లెన్నో చెప్పుకుని ఉంటారు. ఆ ఒక్కటీ చెప్పడానికి అర్ధరాత్రి దాకా, ఛాతీ నొప్పి దాకా ఆగాలా? ఇబ్బంది మొదలైన రోజే చెప్పుకుని, ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే ఆ స్ట్రిప్పు ముక్క అవసరమే వచ్చేది కాదు. ఆడవాళ్లు కూడా 'ఈ వయసులో ఇవేం మాటలు' అని కొట్టిపారేయకుండా వింటే, చెప్పడం మగవాళ్లకు తేలికవుతుంది.

ఏ డాక్టరైనా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది.. 'ఏమైనా మందులు వాడుతున్నారా?'

ఈసారి అడిగినప్పుడు రెండర్థాల్లోనూ జవాబు చెప్పండి.